పడుగులో తప్పు

మా చీరాల గుడ్డల మార్కెట్లో ఒక కొట్టుంది. పేరు చెప్పను, చెబితే షావుకారు నన్ను మళ్ళీ గుమ్మం తొక్కనివ్వడు. నాకు ఆయన బాబాయి వరస. ఈపూరుపాలెం, జాండ్రపేట, వేటపాలెం మగ్గాల మీద నేసిన చీరలు ఆ కొట్టుకు చేరి, అక్కణ్ణుంచి నాలుగు రాష్ట్రాలకు పోతాయి. ఆవర్జా, చిఠ్ఠా పోయి కంప్యూటరు వచ్చి చాలా ఏళ్ళయింది. జీఎస్టీ లెక్కలు, బ్యాంకు, చీరల ఫొటోలు, అన్నీ దాంట్లోనే. శ్రావణ మాసం ఇంకో పది రోజులుందనగా బాబాయి ఫోను చేశాడు.

“అబ్బాయ్, కంప్యూటరు తెరిస్తే పేకాట బొమ్మలొస్తన్నాయి. బేరానికొచ్చిన ఆడవాళ్ళు ఎదురుగా కూర్చున్నారు. పరువు పోయేట్టుంది, ఉన్నపళంగా రా.”

వెళ్ళాను. బ్రౌజరు తెరవగానే ఏదో ఊరు పేరూ లేని వెతుకుడు పేజీ వస్తోంది. బ్యాంకు పేరు కొడితే ముందు జూదం ప్రకటన, ఆ తర్వాత బ్యాంకు. తెర కుడివైపు అడుగున నిమిషానికొకసారి “మీ కంప్యూటరులో వైరస్ ఉంది” అని ఎర్ర అక్షరాల చీటీ. బ్రౌజరు ఎక్స్‌టెన్షన్లలో చూస్తే, ఎవరూ పెట్టుకోని కూపన్ల ఎక్స్‌టెన్షన్ ఒకటి కనపడింది. తీసేశాను. బొమ్మలు ఆగాయి. టీ తాగి, డబ్బులు పుచ్చుకుని వచ్చేశాను.

మర్నాడు పది కాకముందే ఫోను. “ఏందబ్బాయ్, మళ్ళీ వచ్చిందే!”

రెండోసారి యాంటీవైరస్‌తో యంత్రమంతా గాలించాను. రెండు ఫైళ్ళు దొరికాయి. అవతల పారేశాను. మూడో రోజు మళ్ళీ వచ్చింది. కొట్టులో గుమాస్తా నవ్వుతూ, “అన్నా, అది అద్దెకు దిగినట్టుంది. ఖాళీ చెయ్యమంటే ఒప్పుకోట్లేదు” అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని చేస్తున్నవాణ్ణి. పైన కనపడినదాన్ని తీసి, పని అయిపోయిందనుకున్నాను.

నేను మగ్గం ఉన్న ఇంట పుట్టాను. పేక పోగు తెగితే ఆ ఒక్క వరసలోనే తెలుస్తుంది, విప్పి మళ్ళీ వేస్తే పోతుంది. అచ్చులో పడుగు పోగు ఒకటి తప్పు కంట్లోంచి వచ్చిందనుకోండి, ఆ గీత చీర చివరిదాకా వస్తూనే ఉంటుంది. గుడ్డ మీద ఎంత గోకినా పోదు. మగ్గం ఆపి, అచ్చు దగ్గరికి పోయి, ఆ పోగును సరైన కంట్లో దూర్చాలి. వదలని స్పైవేర్ సంగతీ అంతే. నేను రెండు రోజులు పేకలో వెతికాను. తప్పు పడుగులో ఉంది.

స్పైవేర్ అంటే వేగు. మామూలు వైరస్ కంప్యూటరును పాడుచెయ్యాలని చూస్తుంది. వేగుకు కంప్యూటరు పాడవకూడదు. మీరు రోజూ పని చేసుకోవాలి, బ్యాంకు తెరవాలి, పాస్‌వర్డులు కొట్టాలి. అదంతా అది చూడాలి, చూసినది యజమానికి పంపాలి. అందుకే దాన్ని రాసినవాడు సగం తెలివి దొంగతనానికి ఖర్చుపెడితే, మిగతా సగం పీకేసినా తిరిగి రావడం ఎట్లా అన్నదానికి ఖర్చుపెడతాడు.

తిరిగి రావడానికి దానికి ఎన్ని దారులున్నాయో ఆ కొట్టులో కంప్యూటరే నాకు పాఠం చెప్పింది.

మొదటి దారి, విండోస్‌లో పనుల పట్టిక. టాస్క్ షెడ్యూలర్ అంటారు. రోజూ ఫలానా వేళకు ఫలానా పని చెయ్యి అని కంప్యూటరుకు అప్పజెప్పే చోటు అది. అందులో “అప్‌డేటర్” అనే సాధువు పేరుతో ఒక పని కూర్చుని ఉంది. ఎవరైనా లాగిన్ కాగానే అది లేచి, తన ఎక్స్‌టెన్షన్ ఉందా లేదా అని చూస్తుంది. లేకపోతే నెట్ నుంచి కొత్తది దించి పెడుతుంది. నేను తీసి వచ్చాక మర్నాడు పొద్దున బాబాయి కంప్యూటరు ఆన్ చేశాడు. అది తన డ్యూటీ చేసింది.

రెండోది ఇంకా తమాషా. క్రోమ్ మెనూ అడుగున “ఈ బ్రౌజరును మీ సంస్థ నిర్వహిస్తోంది” అని ఇంగ్లీషులో ఒక ముక్క కనపడింది. ఉన్నది బాబాయీ గుమాస్తా ఇద్దరే, ఇక ఏ సంస్థ? పెద్ద కంపెనీలు తమ ఉద్యోగుల కంప్యూటర్లలో ఫలానా ఎక్స్‌టెన్షన్ తప్పనిసరిగా ఉండాలని పాలసీలు పెడతాయి. ఆ పాలసీ, విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో ఉంటుంది. మొదటి రోజు నేను తీసేశాక, దొంగ ప్రోగ్రాం ఈసారి అదే తలుపు వాడుకుని తన ఎక్స్‌టెన్షన్‌ను కంపెనీ ఆజ్ఞగా రాసిపెట్టింది. అట్లా రాస్తే దాని పక్కన తీసేసే బటను పనిచెయ్యదు. మీ ఇంట్లో కంప్యూటరులో ఆ ముక్క కనపడితే, ఆ కంప్యూటరు ఏ ఆఫీసుదీ కానప్పుడు, అనుమానించాల్సిందే.

మూడోది, సింక్. ఈ కొట్టు క్రోమ్‌లో బాబాయి కొడుకు జీమెయిల్‌తో లాగిన్ అయ్యాడు. ఇంటి దగ్గర లాప్‌టాప్‌లోనూ అదే జీమెయిల్. ఒకచోట పెట్టిన ఎక్స్‌టెన్షన్ ఇంకోచోటికి తనంతట తనే వస్తుంది. కొట్టులో నేను తుడిచి వచ్చినదాన్ని ఇంట్లో లాప్‌టాప్ తిరిగి పంపిస్తుంది. కొట్టూ ఇల్లూ రెండూ ఒకే పూట కడగాలి.

ఇక ఆ ఎర్ర చీటీలు వైరస్ పని కూడా కాదు. ఎప్పుడో ఒక సినిమా వెబ్‌సైటులో “అనుమతించు” అని గుమాస్తా నొక్కాడు. నోటిఫికేషన్లు పంపే హక్కు ఆ సైటుకు అట్లా వచ్చింది. బ్రౌజరు సెట్టింగుల్లో ఆ పేరు తీసేస్తే అర నిమిషంలో పోయాయి. ఆ చీటీ చూసి భయపడి, అందులో ఉన్న నంబరుకు ఫోను చేసి, ముక్కూమొహం తెలియనివాడికి కంప్యూటరు అప్పజెప్పి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

ఇక్కడ ఒక పాత సంగతి. 2004 ప్రాంతంలో స్టేషను రోడ్డు వైపు నాకు చిన్న నెట్ సెంటరు ఉండేది. నాలుగు కంప్యూటర్లు, ఒక టెలిఫోను లైను. గంటకు ఇరవై రూపాయలు. ఇంటర్ ఫలితాల రోజు తప్ప రద్దీ ఉండేది కాదు. ఆ రోజుల్లో కూల్‌వెబ్‌సెర్చ్ అనే పీడ ప్రపంచమంతా తిరిగింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తెరిస్తే చాలు, హోం పేజీ మారిపోయేది. ఎంత సరిచేసినా మళ్ళీ అదే. మైక్రోసాఫ్ట్ జావా యంత్రంలో ఒక లోపం ఉండేది. ఏమీ నొక్కక్కర్లేదు, దొంగలు పెట్టిన పేజీని చూసినంత మాత్రాన ఆ లోపంలోంచి దిగబడేది. దాన్ని పీకడానికి ఉపాయం కనిపెట్టింది ఏ పెద్ద కంపెనీయో కాదు, నెదర్లాండ్స్‌లో చదువుకుంటున్న మెరైన్ బెలెకోమ్ అనే కుర్రాడు. అతను రాసిన హైజాక్‌దిస్ అనే చిన్న ప్రోగ్రాం దేన్నీ తనంతట తాను తీసేది కాదు. కంప్యూటరు లేవగానే ఏవేవి ఎక్కడెక్కడి నుంచి లేస్తున్నాయో వరసగా చూపించేది. ఏది మనదో, ఏది దొంగదో తేల్చుకోవాల్సింది మనం. ఆ జాబితాలు కాగితాల మీద ప్రింటు తీసి, రాత్రిళ్ళు కూర్చుని గుర్తులు పెట్టుకోవడం నాకు గుర్తే. 2007లో దాన్ని ట్రెండ్ మైక్రో కంపెనీ తీసుకుంది.

ఇప్పుడు అదే పనికి ఆటోరన్స్ అని మైక్రోసాఫ్ట్ వాళ్ళదే ఉచిత ప్రోగ్రాం ఉంది. మూడో రోజు నేను బాబాయి కొట్టులో చేసింది అదే. ముందు నెట్ వైరు పీకాను. పీకకపోతే, నేను ఒకటి తీసేలోపు అది ఇంకోటి దించుకుంటుంది. తర్వాత సేఫ్ మోడ్‌లో లేపాను. అప్పుడు విండోస్ తనకు తప్పనిసరైనవాటినే లేపుతుంది, దొంగ సామాను చాలావరకు నిద్రలోనే ఉంటుంది. ఇట్లాంటివాటిలో కొన్ని జంటగా ఉంటాయి. ఒకదాన్ని చంపితే రెండోది దాన్ని బతికిస్తుంది. అందుకని రెండూ నిద్రపోతున్నప్పుడే పట్టుకోవాలి. పట్టికలో పని తీశాను, అది పిలుస్తున్న ఫైలు తీశాను, రిజిస్ట్రీలో దొంగ పాలసీ తీశాను, బ్రౌజరు షార్ట్‌కట్ చివర అతికించిన చిరునామా తీశాను, ప్రాక్సీ సెట్టింగు చూశాను. ఆ తర్వాతే బ్రౌజరును మొదటి స్థితికి తెచ్చాను. ఈ వరస తిరగేస్తే పని వ్యర్థం. ముందు రెండు రోజులూ నేను చేసిన తప్పు అదే.

మీ కంప్యూటరులో విండోస్ 10 గానీ 11 గానీ ఉంటే డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అని ఒకటుంది. విండోస్ పూర్తిగా లేవకముందే, పావుగంటలో గాలించి వస్తుంది. మొండివాటికి అది పనికొస్తుంది. ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఒకదాని మీద ఒకటి నాలుగు యాంటీవైరస్‌లు పెట్టకండి. 2021లో మన మిరప చేలల్లో నల్ల తామర పురుగు పడ్డప్పుడు, భయంతో మందు మీద మందు కొట్టిన చేలల్లో మిత్ర పురుగులు చచ్చాయిగానీ తామర పురుగు చావలేదు. పర్చూరు, మార్టూరు వైపు రైతులకు ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. రెండు యాంటీవైరస్‌లు ఒకదాన్నొకటి దొంగ అనుకుని కొట్టుకుంటాయి, కంప్యూటరు నత్తలాగా నడుస్తుంది. ఇంకొక సంగతి, “మీ కంప్యూటరును ఉచితంగా శుభ్రం చేస్తాం” అని ప్రకటనల్లో కనపడేవాటిలో చాలావాటికే శుభ్రం చెయ్యడం అవసరం.

సరే, వేగు పోయింది. అసలు కొంపలోకి ఎట్లా వచ్చింది?

గుమాస్తాను పక్కకు పిలిచి అడిగాను. నీళ్ళు నమిలాడు. తెలుగులో టైపు చేసే సాఫ్ట్‌వేర్ కొనడానికి డబ్బెందుకని, ఎక్కడో దొంగ కాపీ దించాడట. దాంతోపాటు వచ్చిన సూచనల్లో మొదటిది, “ముందు యాంటీవైరస్ ఆపండి” అని. ఇంటికి కన్నం వెయ్యడానికొచ్చినవాడు, “ముందు కుక్కను కట్టెయ్యండి బాబూ” అంటే కట్టేసినట్టు, మనవాడు ఆపేశాడు. అంత గొళ్ళెం తీసి పిలిచాక దొంగను ఏమనగలం?

రెండో కారణం ఆ కంప్యూటరు వయసు. అందులో ఉన్నది విండోస్ 7. మైక్రోసాఫ్ట్ దానికి మరమ్మతులు 2020 జనవరి 14న ఆపేసింది. క్రోమ్ కూడా 2023 మొదట్లో, 109వ వెర్షన్‌తో దాన్ని వదిలేసింది. ఆ తర్వాత బయటపడిన ప్రతి లోపమూ ఆ కంప్యూటరులో అట్లాగే తెరిచి ఉంది. “నడుస్తోందిగా” అన్నాడు బాబాయి. నిజమే, నడుస్తోంది. గడియ లేని తలుపు కూడా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది.

బ్రౌజరు లోపం అన్నమాట మీద కొంచెం ఆగుతాను. వేగులు ఎక్కువగా దూరేది ఆ దారినే, మన జనం తేలిగ్గా తీసుకునేదీ దాన్నే.

మన ఊళ్ళో జాకార్డ్ మగ్గాలున్నాయి. అట్టల్లో చిల్లులు కొడతారు. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అంచు మీద హంస వచ్చినా, మామిడి పిందె వచ్చినా ఆ చిల్లుల పుణ్యమే. ఫ్రాన్సులో జాకార్డ్ అనే ఆయన 1804 నాటికి దాన్ని ఒక రూపుకు తెచ్చాడు. కంప్యూటరు ప్రోగ్రాములకు తాత అదేనని పుస్తకాల్లో రాస్తారు. చిల్లుల అట్టల వరుసే ఒక ప్రోగ్రాం. ఒక అట్టలో ఒక్క చిల్లు అనవసరంగా పడితే, ఆ అట్ట వచ్చినప్పుడల్లా లేవకూడని పోగు లేస్తుంది. బ్రౌజరులో ఇట్లాంటి అట్టలు లక్షల్లో ఉన్నాయనుకోండి. అనవసరపు చిల్లులు లేకుండా రాయడం ఎవరి వల్లా కాలేదు. క్రోమ్ రాసేవాళ్ళే 2020లో చెప్పారు. తీవ్రమైన భద్రతా లోపాల్లో 70 శాతం దాకా, కంప్యూటరు జ్ఞాపకాన్ని, అంటే మెమరీని, సరిగా వాడుకోకపోవడం వల్ల వచ్చినవేనట. ఒకసారి వాడి వదిలేసిన చోటును మళ్ళీ తనదే అనుకుని ముట్టుకోవడం అందులో ఒకటి. ఖాళీ చేసిన ఇంటి తాళంచెవి పాత అద్దెదారు దగ్గరే ఉండిపోవడంలాంటిది.

నిజానికి బ్రౌజరు చేసే పనే భయం పుట్టించే పని. మనం ఏ పేజీ తెరిచినా, ఎక్కడో ఎవరో రాసిన ప్రోగ్రాము మన కంప్యూటరులోకి వచ్చి నడుస్తుంది. దాన్ని ఒక గదిలో పెట్టి బయట గడియ వేసి నడిపిస్తుంది బ్రౌజరు. లోపం అంటే ఆ గది గోడలో కన్నం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. లోపం సరిచేసిన కొత్త వెర్షన్ బయటికి రాగానే, పాతదాన్నీ కొత్తదాన్నీ దొంగలు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఏది మారిందో చూస్తే కన్నం ఎక్కడుండేదో తెలిసిపోతుంది. అంటే మరమ్మతు వచ్చిన రోజునుంచీ, దాన్ని వేసుకోనివాడికి ప్రమాదం పెరుగుతుంది. అందుకే 2023 ఆగస్టు నుంచి క్రోమ్‌కు భద్రతా మరమ్మతులు వారం వారం వస్తున్నాయి. అవి వాటంతట అవే దిగుతాయి కూడా. కానీ బ్రౌజరు మూసి మళ్ళీ తెరిస్తేనే అమలవుతాయి. మన గుమాస్తా మూయడు. నలభై ట్యాబులు తెరిచి, సాయంత్రం కంప్యూటరును నిద్రపుచ్చి ఇంటికి పోతాడు. మూలన “మళ్ళీ తెరవండి” అని బ్రౌజరు మొత్తుకుంటూనే ఉంటుంది. ఆ బటను నొక్కడానికి పావలా ఖర్చు లేదు.

విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మరమ్మతులు ఆగాయి. మన జిల్లాలో కొట్లలో, మీసేవల్లో, బడుల్లో ఎక్కువగా ఉన్నది అదే. ఈ మాట విని “నడుస్తోందిగా” అనేవాడు నా బాబాయి ఒక్కడే కాదు.

ఎక్స్‌టెన్షన్ల గురించి ఒక ఉదాహరణ చెప్పి ముందుకు పోతాను. గ్రేట్ సస్పెండర్ అని క్రోమ్‌కు ఒక మంచి ఎక్స్‌టెన్షన్ ఉండేది. వాడని ట్యాబులను నిద్రపుచ్చేది. ఇరవై లక్షల మంది వాడేవాళ్ళు, నేనూ వాడాను. 2020లో దాన్ని రాసినాయన ఎవరికో అమ్మేశాడు. కొన్నవాడు ఎవరో తెలియదు. కొట్టు చేతులు మారింది, బోర్డు మాత్రం మారలేదు. కొత్త యజమాని అందులో అనుమానపు సరుకు కలిపాడు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని పీకేసింది. నిన్న మంచిదైనది ఇవాళ కూడా మంచిదేనని హామీ లేదు. నా కంప్యూటరులో ఇప్పుడు రెండే ఎక్స్‌టెన్షన్లున్నాయి.

ఈమధ్య ఇంకో మాయ వచ్చింది. ఏదో పేజీ తెరుస్తారు. “మీరు రోబో కాదని నిరూపించండి” అంటుంది. సరేనని నొక్కితే, “విండోస్ బటనూ ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్ వీ, తర్వాత ఎంటర్” అని మూడు మెట్లు చెబుతుంది. మనకు తెలియకుండా ఒక ఆజ్ఞను కాపీ చేసి పెట్టి, మన చేత్తోనే మన కంప్యూటరుకు ఇప్పిస్తుందన్నమాట. ఇక్కడ బ్రౌజరులో ఏ కన్నమూ అక్కర్లేదు. ల్యూమా అనే దొంగ ప్రోగ్రాం ఈ దారినే చాలామంది ఇళ్ళల్లో దూరింది. 2025 మార్చి, మే నెలల మధ్య రెండు నెలల్లోనే 3,94,000 విండోస్ కంప్యూటర్లలో అది కనపడిందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. రోబో కాదని నిరూపించుకోవడానికి ఏ నిజమైన సైటూ విండోస్ బటను నొక్కమనదు.

ఇట్లాంటి దొంగలు పట్టుకుపోయేది బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులను, కుకీలను. కుకీ అంటే గుడి ముందు చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెనులాంటిది. టోకెను ఎవడు చూపిస్తే చెప్పులు వాడివి. మీరు లాగిన్ అయ్యాక మీకిచ్చిన టోకెను దొంగ చేతికి పోతే, వాడికి పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. అందుకని శుభ్రం చెయ్యడంతో పని సగమే అయినట్టు. బాబాయి బ్రౌజరులో అరవై పైచిలుకు పాస్‌వర్డులు దాచి ఉన్నాయి, బ్యాంకుదీ జీఎస్టీదీ కలిపి. అన్నిటినీ మార్చాం. ఆ కంప్యూటరులో కాదు, కొడుకు ఫోనులో. వేగు ఉన్న చోట కొత్త పాస్‌వర్డు కొట్టడమంటే దానికే చెప్పడం. ఆ తర్వాత జీమెయిల్‌లో మిగతా పరికరాలన్నిటి నుంచీ లాగౌట్ అయ్యాం. ఆ ఖాతా పాత టోకెన్లన్నీ అప్పుడు చెల్లకుండా పోతాయి.

ఫోన్ల సంగతి. మన పల్లెల్లో కంప్యూటరు లేని ఇల్లుంటుందిగానీ ఫోను లేని ఇల్లు లేదు. వాట్సాప్‌లో పెళ్ళిపిలుపు అని ఒక ఫైలు వస్తుంది. ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ అనో వస్తుంది. చివర ఏపీకే అని ఉంటుంది. పంపింది మన మేనత్త కొడుకే. పాపం అతనికీ తెలియదు, అతని ఫోనులో దూరినది అతని పేరుతో పంపింది. పెళ్ళి శుభలేఖ బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు. నొక్కితే ముందు మెసేజీలు చదివే అనుమతి అడుగుతుంది, తర్వాత యాక్సెసిబిలిటీ అనుమతి. ఈ రెండోది చూపు సరిగా లేనివాళ్ళకు ఫోను చదివి వినిపించడానికి పెట్టిన సదుపాయం. తెర మీద ఉన్నదంతా చూడగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. అది దొంగ చేతికిచ్చాక దాచడానికింకేం మిగలదు. తెర మీంచి యాప్ గుర్తు మాయమవుతుంది, ఓటీపీలు వాడికి పోతాయి.

అట్లా జరిగిందని అనుమానమొస్తే, ముందు ఏరోప్లేన్ మోడ్ వెయ్యండి, వైఫై కూడా ఆపండి. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలో తెలియని పేరుంటే ఆపండి. డివైస్ అడ్మిన్ యాప్స్‌లో కూడా చూడండి. అక్కడ దానికి హక్కు ఉన్నంతవరకు తీసెయ్యనివ్వదు. అప్పటికీ లొంగకపోతే సేఫ్ మోడ్‌లో లేపి తీసెయ్యండి. కానీ డబ్బే పోయి ఉంటే ఫోనును ఫార్మాట్ చెయ్యకండి, సాక్ష్యం పోతుంది. ఇంకో ఫోను నుంచి సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి చెయ్యండి, బ్యాంకుకు చెప్పండి. డబ్బు ఖాతాలు మారుతూ పోకముందే చెబితే ఆపే వీలుంటుంది. నలుగురిలో నవ్వులపాలవుతామని మూడు రోజులు ఎవరికీ చెప్పనివాళ్ళు నాకు తెలుసు. ఆ మూడు రోజులే దొంగకు కావాలి.

ఇంత చెప్పాక పెద్ద వేగుల మాట ఎత్తకపోతే వెలితి. మన తెలుగువాడి పేరుతో ముడిపడిన కేసు ఒకటుంది. భీమా కోరెగావ్ కేసులో నిందితుడైన రోనా విల్సన్ లాప్‌టాప్‌ను అమెరికాలో ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే సంస్థ పరీక్షించి 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. 2016 జూన్ 13న కవి వరవరరావు ఈమెయిల్ ఖాతాను వాడుతున్న ఎవరో ఒక పత్రం తెరవమని విల్సన్‌కు పదే పదే రాశారని, పత్రమనుకుని తెరిచిన ఆ ఫైలుతో నెట్‌వైర్ అనే వేగు ప్రోగ్రాం దిగిందని, 22 నెలలపాటు అది అందులో ఉందని ఆ నివేదిక చెప్పింది. కేసు దర్యాప్తు చేసిన ఎన్ఐఏ ఆ మాట ఒప్పుకోలేదు. కేసు మంచిచెడ్డలు చెప్పడం నా పని కాదు. నెట్‌వైర్ మాత్రం ఎవరైనా డబ్బిచ్చి కొనుక్కోగలిగిన సరుకు. 2023 మార్చిలో కొన్ని దేశాల పోలీసులు కలిసి దాన్ని అమ్మే సైటును స్వాధీనం చేసుకున్నారు, క్రొయేషియాలో ఒకణ్ణి పట్టుకున్నారు.

పెగాసస్ అనే వేగు ప్రోగ్రాంతో ఫోన్లలో దూరారన్న గొడవ మీకు తెలిసిందే. 2021 అక్టోబరు 27న సుప్రీంకోర్టులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి, మన ఉమ్మడి కృష్ణా జిల్లా ఎన్వీ రమణగారి ధర్మాసనం నిపుణుల కమిటీ వేసింది. కమిటీకి 29 ఫోన్లు అందాయి. అయిదింటిలో ఏదో దొంగ ప్రోగ్రాం ఉందని తేలింది, అది పెగాససేనని మాత్రం తేల్చలేకపోయారు. మన ఫోనుకు అంతంత వేగులు రారు, వాటి ఖరీదు మన ఆస్తి కంటే ఎక్కువ. మనకు వచ్చేవి దొంగ కాపీలతో వచ్చే చిల్లర వేగులు.

వాటికి ఉచితంగా మందిచ్చే చోటు ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరి 21న మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం. దాని వెబ్‌సైటులో దొంగ ప్రోగ్రాములను తీసే సాధనాలు దొరుకుతాయి. ఫోనుకు ఎం-కవచ్, బ్రౌజరుకు జేఎస్‌గార్డ్ తయారుచేసింది హైదరాబాదు సీడాక్‌లో మనవాళ్ళే. పేరు గూగుల్‌లో వెతికి మొదట కనపడిన ప్రకటన నొక్కకండి, చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ అని ఉందో లేదో చూసుకోండి.

ఫార్మాట్ చేస్తే పోదా అని అడుగుతారు. పోతుంది, నూటికి తొంభైసార్లు. నేను రెండు గంటలు కష్టపడ్డా తేలకపోతే ఫార్మాటే చేస్తాను, అందులో అవమానం లేదు. ఫొటోలు, బిల్లులు దాచుకుని, ప్రోగ్రాముల ఫైళ్ళు మాత్రం దాచకుండా చెయ్యాలి. లేకపోతే దొంగను మూటగట్టి దాచి, ఇల్లు కడిగి, మళ్ళీ మూట విప్పినట్టవుతుంది.

బాబాయి చివరికి కొత్త కంప్యూటరు కొన్నాడు, శ్రావణ మాసం అయ్యాక, లాభాలు లెక్క చూసుకుని. తెలుగు టైపింగుకు విండోస్‌లోనే ఉన్న కీబోర్డు గుమాస్తాకు నేర్పించాను. వారం రోజులు సణిగాడు, ఇప్పుడు నాకంటే వేగంగా కొడుతున్నాడు. పాత కంప్యూటరును బాబాయి పారెయ్యనివ్వలేదు. అది కొట్టు మూల కూర్చుని చీరల ధర చీటీలు ముద్రిస్తోంది. దాని వెనక నెట్ వైరు పెట్టే కన్నం మీద టేపు అంటించాను. నెలకోసారి వెళ్ళినప్పుడు ఆ టేపు ఊడలేదు కదా అని చూసి వస్తాను.